పగలని గింజలు

పొద్దున్నే కోడెల పేడ కడిగి చూసుకోవడం తన జాతకంలో రాసి ఉందని గజేందర్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఖతర్ దాకా వచ్చేవాడు కాదు, మెట్‌పల్లి దగ్గర సొంతూళ్లోనే ఉండి పసుపు ఉడకబెట్టుకునేవాడు. ఇప్పుడు మాత్రం రోజూ ఇదే కొలువు. కొట్టంలోకి పోవడం, తట్టెడు పేడ తెచ్చి జల్లెడలో వేయడం, పైపుతో నీళ్లు కొట్టడం. పేడంతా కరిగి కిందికి పోయాక జల్లెడలో మిగిలేవి మక్కజొన్న గింజలు. నున్నగా, నిండుగా, ఇప్పుడే కంకి నుంచి ఒలిచినట్టు ఉంటాయి.

"ఇగో, మళ్ల అవే," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

పక్కనున్న కోడె ఒకటి తల తిప్పి చూసి మళ్లీ తొట్టిలో మూతి పెట్టింది. దానికేం పోయింది, తింటుంది. తిన్నది తిన్నట్టే వెనక నుంచి వదిలేస్తుంది. నడుమ నలిగేది గజేందర్.

దోహా నుంచి షమాల్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే, రోడ్డు వదిలి లోపలికి మళ్లాక వస్తుంది ఆ ఫారం. యజమాని ఖతరీ పెద్దాయన, అందరూ అర్బాబ్ అంటారు. ఆయనకు బిల్డింగులు కట్టే కంపెనీ కూడా ఉంది. గజేందర్ ముందు ఆ కంపెనీలోనే షట్టరింగ్ పనికి వచ్చాడు. ఎండాకాలం ఇనుప చువ్వ ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోయే పని అది. ఒకసారి అర్బాబ్ సైట్‌కి వచ్చినప్పుడు, పశువుల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, అందరికంటే ముందు చెయ్యెత్తి ఫారానికి వచ్చి పడ్డాడు. కొట్టానికి ఫోర్‌మన్ అయ్యాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నోటి దూల ఊరుకోనివ్వలేదు. మునిసిపాలిటీ శుద్ధి చేసి ఇచ్చే నీళ్లతో మక్క పండించి, దాన్ని కంకులతో సహా పచ్చిగానే నరికి, పాతరేసి, ఊరబెట్టి, అదే కోడెలకు మేపుదామని పశువుల డాక్టరమ్మ సలహా ఇచ్చినప్పుడు, "మాది మక్కల ఊరే అర్బాబ్, అంతా నేను చూసుకుంటా" అనేశాడు. అర్బాబ్ నవ్వి సరేనన్నాడు. నవ్వుతూనే ఇంకో మాట కూడా అన్నాడు. బక్రీదుకి కోడెలు బరువు తూగకపోతే వాటిని అమ్మేసి, కొట్టానికి తాళం వేసి, అందర్నీ మళ్లీ సైట్‌కి పంపేస్తానన్నాడు.

అందరిలో గజేందర్ ఒక్కడే లేడు. నర్సింలు కూడా ఉన్నాడు.

నర్సింలు గజేందర్ భార్య మమతకు అన్న. మమత చిన్నప్పుడే మామ పోతే, చెల్లెల్ని పెంచి, తండ్రి స్థానంలో కూర్చుని కన్యాదానం చేసింది ఆయనే. పీటల మీద గజేందర్ కాళ్లు కడిగిన మనిషి. ఊళ్లో ట్రాక్టర్‌కి కంకుల్లోంచి గింజ రాల్చి మక్కలు పట్టే మిషన్ తగిలించుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. మిషన్ పాతబడింది, అప్పులయ్యాయి, ఈ వయసులో గల్ఫ్ బాట పట్టాడు. సైట్‌లో పరంజీలు ఎక్కి దిగి మోకాళ్లు అరిగాయి. గజేందర్ అర్బాబ్ వెంటపడి, బతిమాలి, బావని ఫారానికి తెచ్చుకుని చాపర్ మీద కూర్చోబెట్టాడు. మక్కను కాడతో, కంకితో కలిపి నరికే పెద్ద మిషన్ అది. మిషన్ల మనిషికి మిషన్ ఇచ్చాననుకుని గజేందర్ ఆ రోజు కడుపు నిండా తిని పడుకున్నాడు.

బావని తెచ్చుకున్నాడు కానీ బావకి పని చెప్పడం మాత్రం గజేందర్ వల్ల కాలేదు. కాళ్లు కడిగి పిల్లనిచ్చిన మనిషిని, ఇది చెయ్, అది చెయ్యకు అని ఏ నోటితో అంటాడు? రూములో కింది మంచం ఆయనకిచ్చాడు. అన్నం ఆయన పెట్టుకున్నాకే తను పెట్టుకునేవాడు. కొట్టంలో మిగతావాళ్ల మీద గొంతు చించుకునేవాడు, బావ దగ్గరికి వచ్చేసరికి, "చాయ్ తాగినవా బావ" అని అడిగి పక్కకు తప్పుకునేవాడు.

*

మొదటి పాతర చలికాలం మొదట్లో నింపారు. ఊరిన వాసన బాగానే వచ్చింది. కోడెలు ఎగబడి తిన్నాయి. తిండి చూస్తే కొండంత, ఒళ్లు చూస్తే ఎప్పటంతే. అప్పుడే డాక్టర్ ఇరం పేడ కడిగించింది.

ఇరం మలక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉంటుంది, మంగళవారం మంగళవారం కారు తోలుకుంటూ వచ్చి పశువుల్ని, మేతను చూసి పోతుంది. మాట స్పీడు, నడక స్పీడు, కోపం ఇంకా స్పీడు.

"చూడండి గజేందర్ భాయ్," అంది జల్లెడలోంచి ఒక గింజ తీసి, గోటితో నొక్కి. "మొత్తం పిండి లోపలనే ఉంది. కోడె కాడల్ని, ఆకుల్ని నెమరేస్తది. గింజ చిన్నది, బరువైంది, పంటి కింద పడకుండ జారిపోతది. దాని కడుపులో సూక్ష్మజీవులుంటయి కదా, అవే అసలు అరిగించేవి. ఈ తోలు పగలకపోతే వాటికి లోపలికి పోయే దారి లేదు. మీరు పెట్టిన మేతలో బలమంతా ఈ గింజలోనే ఉంది. అది నోట్లోంచి పోయి తోక కింద నుంచి పడిపోతుంది."

"మరి ఏం చేయాలె మేడం?"

"చాపర్‌లో కత్తుల వెనక రెండు పళ్ల రోలర్లు ఉంటయి. వాటి నడుమ సందు తగ్గించండి. ప్రతి గింజ నలిగి పగలాలె. గంతే, ఇంకేం లేదు."

ఇంకేం లేదు అన్నమాటే కానీ, అక్కడి నుంచే గజేందర్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

ముందు తన తెలివి తాను వాడాడు. రోలర్లదాకా ఎందుకు, మేతే సన్నగా నరికితే గింజ కూడా తెగుతుంది కదా అనుకుని కత్తులు దగ్గరికి జరిపించాడు. పాతరలో మిగిలిన జాగాలో ఆ మేతను వేసి, ఊరాక పెడితే, కోడెలు నెమరేయడం మానేసి నీళ్లలాగా పారాయి. కొట్టమంతా బురద. ఇరం వచ్చి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది.

"కాడ పొడుగ్గ ఉండాలె, గింజ పగలాలె అని చెప్పిన. మీరేమో కాడ నరికి గింజను వదిలేసిన్రు. మేత మరీ సన్నగ అయితే నెమరు ఉండదు, నెమరు లేకపోతే కడుపు పులుస్తది. నేను ఒకటి చెప్తే మీరు ఇంకోటి చేస్తరేంది భాయ్?"

గజేందర్ తల గోక్కున్నాడు. తప్పు తనదే.

రెండో పంట కోతకు వచ్చింది. ఈసారి కామ్రాన్‌ని పిలిపించాడు. కామ్రాన్‌ది బోధన్. ముఐథర్‌లో రూము, అర్బాబ్ బండ్లన్నిటికీ అతనే మెకానిక్. తెలుగు, దక్కనీ కలిపి మాట్లాడతాడు. చేతిలో పని ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడడు, పని అయ్యాక ఆపడు. సాయంత్రం కోత ఆగాక వచ్చి, నట్లు బిగించి రోలర్లను దగ్గరికి తెచ్చి, నడుమ సందులో ఇనుప రేకు పెట్టి కొలిచి, "హో గయా అన్నా, ఇగ గింజ కాదు, గింజ తాత కూడా పగులుతడు" అని పోయాడు.

మర్నాడంతా చేనులో చాపర్ తిరిగింది. నర్సింలు నడుపుతున్నాడు. లారీలు మేతను తెచ్చి పాతరలో పోస్తుంటే, ట్రాక్టర్ దాన్ని తొక్కుతుంటే, గజేందర్ కొట్టంలో మేత కలిపే బండి దగ్గర తన తిప్పలు తాను పడుతున్నాడు. మధ్యాహ్నం పాతర దగ్గరికి పోయి గుప్పెడు తీసి చూశాడు. గింజలు నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

కామ్రాన్‌కి ఫోన్ చేసి తిట్టాడు. అతను సాయంత్రం వచ్చి చూసి, నట్లు వదులై ఉన్నాయని మళ్లీ బిగించాడు. మర్నాడు మళ్లీ అంతే. మూడోసారి వచ్చినప్పుడు కామ్రాన్ మొహం మాడిపోయి ఉంది.

"బిగించిన నట్టు దానంతట అది ఊడదన్నా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఎవరిదో చెయ్యి పడుతుంది."

"చాపర్ ముట్టుకునేది మా బావ ఒక్కడే."

"నేను ఎవరి పేరూ చెప్పలే."

"చెప్పకపోతే ఏంది, అర్థమైతలేదా? నువ్వు పుట్టకముందు నుంచి మిషన్ల మీద బతికిన మనిషి ఆయన. నీ పని నీకు చేతగాక మా ఇంటోళ్ల మీద పెడుతున్నవా?"

"నక్కో అన్నా. గట్ల మాట్లాడకు," అన్నాడు కామ్రాన్. అంతకు మించి ఏమీ అనలేదు.

అనకపోవడంతో గజేందర్‌కి ఇంకా మండింది. రోలర్లే అరిగిపోయాయని తేల్చుకుని, అర్బాబ్ చెవిలో జోరీగలాగా పోరి కొత్త రోలర్లు తెప్పించాడు. కామ్రాన్ వాటిని బిగించాడు. ఇరం వచ్చి పాతర మీది మేత తీసి బకెట్ నీళ్లలో వేసింది. కాడలూ ఆకులూ పైకి తేలాయి, గింజలు అడుగుకు దిగాయి. నీళ్లు వంపి, అడుగున మిగిలినవి అరచేతిలో పోసుకుని గజేందర్ ముందు పట్టింది. పగిలినవి వెతికితే కానీ కనిపించడం లేదు.

"కొత్త రోలర్లు పెట్టించిన్రు కదా?"

"పెట్టించిన మేడం."

"మరి ఇది ఏంది?"

గజేందర్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఆ సాయంత్రం అర్బాబ్ ఫోన్ చేసి, తప్పు మిషన్‌దా మనిషిదా అని అడిగాడు. గజేందర్ మెకానిక్‌దే అన్నాడు. అయితే గురువారం పొద్దున అతన్ని బండ్ల తాళాలు అప్పజెప్పి పొమ్మని చెప్పు, నేనూ వచ్చి మేత చూస్తాను, అదీ బాగాలేకపోతే కోడెల్ని అమ్మేద్దాం, ఖల్లాస్, అన్నాడు అర్బాబ్.

కామ్రాన్‌కి ఆ మాట చెప్పేటప్పుడు గజేందర్ అతని మొహం చూడలేదు. కామ్రాన్ సరేనన్నాడు, పోయేదాకా రోజూ సాయంత్రం నట్లు బిగించే పోతానని మాత్రం అన్నాడు.

ఇంతలో ఇంటి నుంచి ఫోన్. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"మా అన్న మోకాళ్లు ఎట్లున్నయి?" అంది మమత.

"మంచిగనే ఉన్నయి."

"అమ్మ ఒక్కటే రంది పడుతుంది. గల్ఫ్‌ల నా కొడుక్కు మళ్ల బిల్డింగులెక్కే పని పెడ్తరా అని. నువ్వున్నవు గదా అని నేను చెప్తున్న. నువ్వు ఆయన్ను ఏమనకు. నీ నోరు మంచిది కాదు."

"నేను ఆయన్ను ఒక్క మాట అనలే ఇన్ని రోజుల్ల. అన్ననా?"

"అనలే గని, ముందే చెప్తున్న."

ఫోన్ పెట్టేశాడు. ఒక దిక్కు అర్బాబ్, ఒక దిక్కు డాక్టరమ్మ, ఇంకో దిక్కు పెళ్లాం. ఈ కోడెలేమో తింటూనే ఉన్నాయి.

నర్సింలుకి మాత్రం ఏ దిగులూ లేదు. ఆయన లోకమే వేరు. ఆ బుధవారం పొద్దున చేనుకి పోతూ పోతూ, జల్లెడ దగ్గర నిలబడి తొంగి చూశాడు.

"కలిగినోళ్ల కొట్టం అంటే ఇదిరా," అన్నాడు మెచ్చుకోలుగా. "ఎడ్ల పెండల గూడ మక్కలే. కడుపు నిండి మిగిలింది పడేస్తున్నయి. మన ఊర్ల గొడ్డుకు గింత దొరుకుతదా గజేందర్?"

గజేందర్ నోటిదాకా ఏదో వచ్చింది. మమత మాట గుర్తొచ్చింది, పెళ్లి పీటలు గుర్తొచ్చాయి. "అవు బావ," అన్నాడు. నర్సింలు తలకు రుమాలు చుట్టుకుని, కుంటుకుంటూ చేను వైపు పోయాడు.

*

గురువారం పొద్దున మేత కలిపే బండి బెల్టు తెగింది. తెగడానికి దానికి ఇంకో రోజు దొరకలేదు. కొత్త బెల్టు వేద్దామంటే పెద్ద పానా కనిపించలేదు. చాపర్ డబ్బాలో ఉంటుందని గజేందర్ తిట్టుకుంటూ చేను వైపు నడిచాడు.

చాపర్ చేను గట్టున ఆగి ఉంది. ఇంకా మొదలుపెట్టలేదు. దాని పక్కన, అరిగిన మోకాళ్లను ఒకవైపుకి మడిచి ఇసుకలో కూర్చుని, నర్సింలు పానాతో నట్టు తిప్పుతున్నాడు. తిప్పుతూ కూనిరాగం తీస్తున్నాడు. పెద్ద పానా ఆయన చేతిలోనే ఉంది. తిప్పుతున్నది రోలర్ల నట్టు. తిప్పుతున్నది వదులయ్యే దిక్కుకి.

గజేందర్ అక్కడే నిలబడిపోయాడు. కళ్లు చూస్తున్నాయి, బుర్ర ఒప్పుకోవడం లేదు.

"రా గజేందర్. చాయ్ తాగినవా?" అన్నాడు నర్సింలు, తలెత్తకుండానే. దొంగతనం చేస్తూ దొరికినవాడి వాలకం కాదు అది. పొద్దున్నే పళ్లు తోముకుంటున్నవాడు పలకరించినట్టు పలకరించాడు.

"ఏం చేస్తున్నవు బావ?"

"ఏముంది, రోజు ఉండేదే. ఆ కామ్రాన్ పిలగానికి తెల్వదు. పొద్దూకి వచ్చి రోలర్లు గట్టిగ బిగిచ్చి పోతడు. గట్లనే నడిపితే గింజంత పచ్చడి పచ్చడైతది. చప్పుడే చెప్తది, పటపట పటపట. నాకు పాణం ఒప్పుతదా? మొదటి పాతరకే అర్థమైంది నాకు, వదులు చేసి నడుపుతున్న. ఈ నడుమ వాడు రోజు బిగిస్తుండు, నేను రోజు వదులు చేస్తున్న."

"రోజు?"

"నీకు చెప్పలే. చెప్తే నువ్వు వాని మీద లేస్తవు. నీ నోటికి ఆ పిలగాని పని పోతది. పాపం, పిల్లలుగలోడు. ఎందుకులే, నేనే సదురుకుందమని."

గజేందర్‌కి నవ్వాలో, నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. తన నోటి వల్ల కామ్రాన్ పని పోకూడదని ఈ పెద్దమనిషి చాటుగా చేసిన ఉపకారం వల్లే కామ్రాన్ పని పోయింది. ఇంకాసేపట్లో తాళాలు ఇవ్వడానికి వస్తాడు.

నర్సింలు చెప్పుకుంటూ పోతున్నాడు. "మా మిషన్ల పట్టిన మక్కలంటే మెట్‌పల్లి యార్డుల సేట్లు గూడ సప్పుడు చేయకపోయేటోళ్లు. అరచేతుల పోసుకొని సూత్తరు గదా, పగిలిన గింజ కనవడితే ధర కోసేత్తరు. రైతు వచ్చి నా గల్లా పడ్తడు. ఒక్కసారి గట్లైంది. ఊరందరి ముందర అన్నడు, నర్సింలు నా పంట పాడుచేసిండని. ఆనాటి సంది నా చేతుల గింజ పగలలే. గిక్కడ గూడ ఆ అర్బాబ్ రేపు గింజలు పట్టి సూత్తె, మాట నీకే గదా వచ్చేది. నీ పేరు కోసమే..."

"ఎవడు ఊడదీయమన్నడు నిన్ను?"

ఆ అరుపుకి చేను అవతలి చివర లారీ డ్రైవర్ తల తిప్పాడు. గజేందర్ ఆగలేకపోయాడు. ఇన్ని నెలలు పేడ కడిగిన కసి, కొత్త రోలర్ల కసి, డాక్టరమ్మ ముందు తల వంచుకున్న కసి, అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. "నీకేమన్న బుద్ధి ఉందా? అడగవు, చెప్పవు, నీ ఇష్టమున్నట్టు చేస్తవా? ఇది నీ సొంత మిషనా? నా నెత్తిమీద నిప్పులు పోసినవు కదా."

నర్సింలు పానా కింద పెట్టాడు. నెమ్మదిగా లేచాడు. లేవడానికి చాపర్ చక్రం పట్టుకోవలసి వచ్చింది. ఆయన మొహంలో కోపం లేదు. అత్తింట్లో అల్లుడు కంచం విసిరికొడితే అత్తింటివాళ్లు ఎలా చూస్తారో అలా చూశాడు.

"నన్నేనా గజేందర్ నువ్వు అన్నది?"

జవాబు చెప్పేలోపు కొట్టం దగ్గర హారన్ మోగింది. అర్బాబ్ తెల్ల బండి వచ్చి ఆగింది. వెనకే ఇరం కారు. ఆ వెనక, గేటు నుంచి నడుచుకుంటూ, చేతిలో తాళాల గుత్తితో కామ్రాన్.

గజేందర్ పరుగెత్తాడు. ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకోవాలనుకున్నాడు, దారి చాలలేదు. సలాం చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అర్బాబ్ పాతర వైపు చూస్తూ, ఈరోజైనా గింజ పగులుతోందా అని అడిగాడు. ఆయన మాట సగం అరబ్బీ, సగం హిందీ. గజేందర్ నోరు తెరిచేలోపు వెనక ఇసుకలో అడుగుల చప్పుడు వినిపించింది.

నర్సింలు కుంటుకుంటూ వచ్చాడు. రుమాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. నిన్న నరికిన మేతలోంచి ఏరిన గింజలు గుప్పిట్లో ఉన్నాయి. పంచాయితీలో పెద్దమనుషుల ముందు నిలబడ్డట్టు అర్బాబ్ ముందు నిలబడి, గుప్పిట విప్పి, తనకు వచ్చిన తెలుగులో చెప్పాడు.

"అయ్యా, ఇతడు నా చెల్లె మొగడు. నాకు చిన్నోడు. ఇయ్యాల నన్ను బుద్ధి లేదన్నడు. నువ్వు పెద్దమనిషివి, నువ్వే న్యాయం చెప్పు. మెకానిక్ పిలగానికి తెల్వక రోలర్లు బిగిస్తే, రోజు పొద్దున నేనే వదులు చేసిన. నీ మక్కల్ల ఒక్క గింజ పగలనియ్యలే. సూడు, నీ కండ్లతోనే సూడు."

అర్బాబ్ గింజల్ని చూశాడు, మనిషిని చూశాడు. తెలుగు ఒక్క ముక్క రాదు ఆయనకు. గజేందర్ వైపు తిరిగి, ఏమంటున్నాడు ఈయన, అని అడిగాడు.

ఏమైనా చెప్పొచ్చు. మోకాళ్లు నొస్తున్నాయట, సెలవు అడుగుతున్నాడు అనొచ్చు. చేను బాగా పండిందని మురిసిపోతున్నాడు అనొచ్చు. అర్బాబ్ తలూపి ముందుకు పోతాడు. రేపటి నుంచి నట్లు వదులు కావు, గింజలు పగులుతాయి, కోడెలు తూగుతాయి, బావ కింది మంచం మీదే ఉంటాడు, మమత ఫోన్‌లో నవ్వుతుంది. పోయేది కామ్రాన్ ఒక్కడే. వాడు ఎలాగూ పోతున్నాడు.

అక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. నర్సింలు చెప్పింది ఇద్దరికీ పూర్తిగా అర్థమైంది. కామ్రాన్ తాళాల గుత్తి వైపు చూసుకుంటున్నాడు. ఇరం గజేందర్‌నే చూస్తోంది.

"చెప్పండి భాయ్," అంది. "మీరే చెప్పండి."

గజేందర్ అర్బాబ్ వైపు తిరిగాడు. వచ్చీరాని హిందీలో, మధ్య మధ్య అరబ్బీ కలిపి, ఒక్కొక్క ముక్కా చెప్పాడు. ఈయన నా భార్య అన్న. రోలర్లు వదులు చేసింది ఈయన. కామ్రాన్ సరిగ్గానే బిగించాడు. ఎవరో ఊడదీస్తున్నారని నాకు చెప్పాడు కూడా, నేను నమ్మలేదు, వాడి మీదే తప్పు పెట్టాను.

ఎందుకు చేశాడట, అని అడిగాడు అర్బాబ్.

"గింజ పగలకూడదని, అర్బాబ్. వాళ్ల ఊళ్లో పగిలితే తప్పు."

అర్బాబ్ మీసం కదిలింది, నవ్వొచ్చిందో కోపం వచ్చిందో తెలియలేదు. చలికాలమంతా తన కోడెలు మింగి అరగకుండా వదిలేసిన మేత సంగతి గుర్తొచ్చి ఉంటుంది, కదిలిన మీసం ఆగింది. ఇరం వైపు తిరిగి, ఇంకా ఏమైనా మిగిలిందా అని అడిగాడు. సగం చేను మిగిలే ఉందని, దాన్ని సరిగ్గా నలిపి వేరే పాతరేస్తే బక్రీదు లోపల కోడెలు తేరుకుంటాయని ఇరం చెప్పింది. అయితే అలాగే చేయండి, అన్నాడు అర్బాబ్. తాళాలు నీ దగ్గరే ఉంచుకో అని కామ్రాన్‌తో అన్నాడు. ఆ తర్వాత నర్సింలు వైపు వేలు చూపించి, ఈ రోజుకి లారీలు నిండనివ్వండి, రేపటి నుంచి ఈయన సైట్‌కి, అన్నాడు.

"అర్బాబ్, ఆయన మోకాళ్లు..."

"ఖల్లాస్," అన్నాడు అర్బాబ్. బండెక్కి పోయాడు.

కొట్టం కాపాడుకున్నాడు గజేందర్. దాని కోసమే కదా ఇన్నాళ్లు పేడ కడిగింది. కామ్రాన్ దగ్గరికి వచ్చి గజేందర్ భుజం మీద చెయ్యేసి తీసేశాడు. ఇరం తన కారు వైపు నడిచింది.

నర్సింలు అక్కడే ఉన్నాడు. గింజలు ఇంకా అరచేతిలోనే ఉన్నాయి.

"ఏమన్నడు గజేందర్? సంబరపడ్డడా?"

చెప్పక తప్పదు. ఆ దిక్కు నుంచి ఈ దిక్కుకి చెప్పాల్సింది కూడా తనే.

"రేపటి సంది నిన్ను సైట్‌కు పొమ్మన్నడు బావ."

"నన్నా? ఎందుకు?"

"గింజలు పగలాలె. ఈ మేతకు గింజలు పగిలితేనే మంచిది. డాక్టరమ్మ మొదటి సంది అదే చెప్తుంది."

నర్సింలుకి ఎక్కలేదు. గింజల వైపు చూశాడు, గజేందర్ వైపు చూశాడు. "పగలాలెనా? మక్క గింజ పగలాలెనా?"

"మనం మక్కలు ఉడకబెట్టి గుడాలు తింటే ఏమైతది బావ? తెల్లారి చెంబు పట్టుకపోయినకాడ సూస్తే గింజలు గింజలే ఉంటయి. అవే మక్కలు ఇసుర్రాయిల ఇసిరి గట్క వండుకుంటే పొద్దంత ఆకలి గాదు. కోడెకు గూడ గంతే. పెండల వడ్డయి సూసినవు గదా, అవి ఎక్కువై పడినయి గావు. అరగక పడినయి."

నర్సింలు అరచేతిలోని గింజల్ని వేలితో కదిపి చూశాడు. తర్వాత తలూపాడు. అర్థమైంది ఆయనకు. గట్క తిని మిషన్ నడిపిన మనిషి, అర్థం కాకుండా ఎలా ఉంటుంది.

"గింతేనా?"

"గింతే బావ."

"గీ ముక్క డాక్టరమ్మకు ఎరుక, మెకానిక్‌కు ఎరుక, లారీ తోలేటోనికి గూడ ఎరుకేనా?"

గజేందర్ అవునన్నట్టు తల దించుకున్నాడు.

"అందరికి చెప్పినవు. నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బావవు," అన్నాడు గజేందర్. "నీకు నేను పని చెప్పుడేంది అని..."

ఎంత గౌరవం చూపించాడో ఆ మనిషికి. కింది మంచం ఇచ్చాడు, ముందు కంచం ఇచ్చాడు, చాయ్ తాగినవా అని పొద్దున సాయంత్రం అడిగాడు. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ చేతుల నుంచి ఒక్క గింజ కూడా తప్పించుకుపోయేది కాదు. కోపం ఎవరి మీద చూపించాలో ఇప్పుడు కొత్తగా వెతుక్కోవలసిన పని లేదు.

నర్సింలు గింజల్ని కోడెల తొట్టిలో వేసి, అరచేతులు దులుపుకున్నాడు. చాపర్ వైపు నడిచాడు. గజేందర్ వెనకే పోయాడు. నర్సింలు చక్రం పట్టుకుని నెమ్మదిగా ఇసుకలో కూర్చుని, పానా అందుకుని, నట్టుకి తగిలించాడు.

"ఇయ్యాల లారీలు నింపమన్నడు గద," అన్నాడు. "ఎంత సందు ఉంచాలె? చెప్పు."

"గోరు మందం బావ."

"గట్ల చెప్పు," అన్నాడు నర్సింలు, నట్టు బిగిస్తూ.